నాన్న ఆల్బంలో పదేళ్ళే బతికిన దేశం: రొడీషియా-న్యాసాలాండ్ కథ ఎవరికైనా తెలుసా?

రైల్‌నిలయం_బిడ్డ:

మాది మల్కాజిగిరి. మా నాన్న లాలాగూడ వర్క్‌షాప్‌లో ఫిట్టరు. పోయినేడు పోయారు. సంవత్సరీకం అయ్యాక మొన్న ఆయన బీరువా తెరిచాం. పాస్‌బుక్కులు, పీఎఫ్ కాయితాల అడుగున స్టాంపుల ఆల్బం. చిన్నప్పుడు మమ్మల్ని ముట్టుకోనిచ్చేవారు కాదు, చేతి చెమట అంటుతుందని.

అందులో ఒక పేజీ పైన పెన్సిల్‌తో "రొడీషియా అండ్ న్యాసాలాండ్" అని రాసి ఉంది. రెండు పెన్నీల స్టాంపు మీద రాగి గని. మూడు పెన్నీల దాని మీద సెసిల్ రోడ్స్ సమాధి. 1960లో కరీబా డ్యామ్ కోసం వేసినవి నాలుగు. పేజీ చివర ఒక కవరు మూల కత్తిరించి, స్టాంపు ఊడదీయకుండానే అంటించారు. ఆయనకి పెన్‌ఫ్రెండ్ ఎవరో ఉండేవాడని అమ్మ అంటుంది. పేరు గుర్తులేదట.

నెట్‌లో చూస్తే ఈ దేశం 1953లో పుట్టి 1963లో పోయిందని ఉంది. పదేళ్ళు! అంత పెద్ద డ్యామ్ కట్టినవాళ్ళు, సొంత స్టాంపులు, సొంత పౌండు ఉన్నవాళ్ళు పదేళ్ళకే ఎందుకు విడిపోయారు? అసలు ఎవరు కలిపారు? మా ఆయన "మన ఉమ్మడి రాష్ట్రం లాంటిదేలే" అని ఒక్క ముక్కలో తేల్చేసి టీవీ పెట్టుకున్నాడు. నాకు అంత తేలిగ్గా మింగుడు పడలేదు.

ఆబిడ్స్_ఆదివారం:

అక్కా, గా స్టాంపులు నా దగ్గర గూడ ఉన్నయ్. ఆదివారం ఆబిడ్స్‌ల పుస్తకాలోల్ల పక్కన కూసుంటా. పెద్ద రేటేం రాదు, ముందే చెప్తున్న, మనసుల ఆశ పెట్టుకోకు. సాదా రెండు పెన్నీలు, మూడు పెన్నీలవి శానా అచ్చేసిండ్రు. నిజాం స్టాంపు లెక్కనే ఇది గూడ: రాజ్యం పోయింది, కాయితం మిగిలింది. కథ నాకు తెల్వదు. గీడ కిట్వే మాస్టారని ఒకాయన ఉండాలె, ఆయనకి తెలుస్తది.

కిట్వే_మాస్టారు:

ఉన్నానయ్యా, ఉన్నాను.

అమ్మా, ఈ పేరు ఎవరైనా ఎత్తి చాలా ఏళ్ళయింది. మాది నల్గొండ జిల్లా, ఇప్పుడు ఉండేది దిల్‌సుఖ్‌నగర్. 1973 నుంచి 1981 దాకా జాంబియాలో కిట్వే అనే ఊళ్ళో లెక్కలు చెప్పాను. అప్పట్లో వాళ్ళకి టీచర్లు చాలక మన దేశం నుంచి కాంట్రాక్టు మీద తీసుకునేవాళ్ళు. నేను వెళ్ళేసరికి మీరడిగిన దేశం, అంటే మూడు ప్రాంతాలని కలిపి కట్టిన ఫెడరేషన్, చచ్చి పదేళ్ళు. మా స్కూలు స్టోర్‌రూమ్‌లో మాత్రం ఇంకా ఉంది.

ఎలాగంటే, అక్కడ బోర్డు మీద గీసే పెద్ద చెక్క సెట్‌స్క్వేర్ ఒకటి ఉండేది. ఒక మూల విరిగితే ఎవరో రేకు ముక్క మడిచి మేకులు కొట్టారు. తిప్పి చూస్తే వెనక కాల్చి వేసిన ముద్ర: ఫెడరల్ గవర్నమెంట్. ఎనిమిదేళ్ళు నేను దాంతోనే త్రిభుజాలు గీశాను. రేకు గీరుకుని వేలికి మచ్చ కూడా ఉంది. ఒకసారి మా హెడ్మాస్టరు, ఆయన అక్కడివాడే, దాన్ని చేతిలో పట్టుకుని తిప్పి చూసి "మా బళ్ళోకి ఇలాంటివి రాలేదు, మేం నేల మీద పుల్లతో గీశాం" అన్నాడు. రాకపోవడానికి కారణం రాజ్యాంగంలోనే ఉంది. తెల్ల పిల్లల బడి ఫెడరల్ ప్రభుత్వం బాధ్యత, నల్ల పిల్లల బడి ఏ ప్రాంతం పాట్లు ఆ ప్రాంతానివి. మా స్కూలు ఒకప్పుడు తెల్ల పిల్లలది, అందుకే అక్కడ సెట్‌స్క్వేర్ ఉంది. ఫెడరేషన్ అంటే ఏంటని నన్నెవరడిగినా ముందు ఆ చెక్క ముక్క సంగతే చెప్తాను.

ఇక ఎవరు కలిపారన్నది. మూడు ముక్కలు. దక్షిణ రొడీషియా, అంటే ఇప్పటి జింబాబ్వే. 1923 నుంచే అక్కడి తెల్లవాళ్ళకి సొంత ప్రభుత్వం ఉండేది. 1930లో భూమి పంపకం చట్టం తెచ్చి సుమారు సగం భూమి తమ పేర రాసుకున్నారు. ఉత్తర రొడీషియా ఇప్పటి జాంబియా, రాగి గనులు అక్కడే. న్యాసాలాండ్ అంటే మలావి, సరస్సు పక్కన సన్నగా సాగిన పేద దేశం. అక్కడి మగవాళ్ళు కూలి కోసం దక్షిణ రొడీషియాకీ జొహన్నెస్‌బర్గ్ గనులకీ పోయేవాళ్ళు. మన పాలమూరు వలసలే అనుకోండి. ఈ చివరి రెండూ లండన్ నేరుగా చూసుకునే రక్షిత ప్రాంతాలు. అక్కడి నల్లవాళ్ళకి లండన్ మీద ఎంతో కొంత నమ్మకం ఉండేది, సాలిస్‌బరీ మీద బొత్తిగా లేదు. సాలిస్‌బరీ అంటే ఇప్పటి హరారే.

తెల్లవాళ్ళకి కలవాలన్న కోరిక పాతదే. 1939లో బ్లెడిస్లో కమిషన్ "కలపడం మంచిదే కానీ ఇప్పుడే వద్దు" అంది, నల్లవాళ్ళ పట్ల మూడు చోట్లా విధానాలు వేరని. యుద్ధం అయ్యాక రాగికి గిరాకీ పెరిగింది. దక్షిణం కన్ను రాగి మీద పడింది. లండన్‌కి ఇంకో బెంగ. 1948లో దక్షిణాఫ్రికాలో తెల్లా నల్లా వేరుగా ఉండాలనే అపార్తైడ్ పార్టీ గెలిచింది, అది పైకి పాకకుండా మధ్యలో బ్రిటిష్ అడ్డుగోడ ఒకటి కావాలి. 1951లో బ్రిటన్‌లో కన్సర్వేటివులు గెలిచాక పని ఊపందుకుంది. 1953 ఏప్రిల్‌లో దక్షిణ రొడీషియాలో రెఫరెండం పెట్టారు. 25 వేల పైచిలుకు ఔనన్నారు, 14 వేల పైచిలుకు కాదన్నారు. అంతే ఓట్లు! ఓటర్లు దాదాపు అందరూ తెల్లవాళ్ళు. ఉత్తరాన ఉన్న రెండు ప్రాంతాల్లో లక్షలాది నల్లవాళ్ళు వద్దు వద్దంటుంటే వాళ్ళని అడిగిన పాపాన పోలేదు.

మొదటి ప్రధాని గాడ్‌ఫ్రీ హగ్గిన్స్. వృత్తికి డాక్టరు. ఫెడరేషన్ మంత్రం "భాగస్వామ్యం". నలుపు, తెలుపు కలిసి నడవాలి. ఎలాంటి భాగస్వామ్యం అంటే ఆయనే చెప్పాడు, గుర్రానికీ రౌతుకీ ఉన్నలాంటిదని. నోరు జారి అన్న మాట అనుకునేరు, ఉన్న మాటే అన్నాడు. మొదటి ఫెడరల్ పార్లమెంటులో 35 మంది సభ్యులైతే ఆఫ్రికన్లు ఆరుగురు.

ఇంట్లోంచి రెండోసారి కేకేశారు. అన్నం చల్లారిపోతోంది. మిగతాది రాత్రికి.

నల్లకుంట_వకీలు:

మాస్టారు రాసింది చదువుతుంటే నాకు ఫజల్ అలీ కమిషన్ కళ్ళముందు కనపడింది. 1955లో వాళ్ళన్నదీ దాదాపు అదే కదా: కలిస్తే మంచిదే కానీ తెలంగాణ ప్రస్తుతానికి వేరుగానే ఉండాలి, 1961 ఎన్నికల తర్వాత అక్కడి సభ మూడింట రెండొంతులు ఒప్పుకుంటే అప్పుడు కలపాలి. ఎవరు విన్నారు? 1956 ఫిబ్రవరిలో పెద్దమనుషుల ఒప్పందం, నవంబర్‌లో విలీనం. తర్వాత మిగులు నిధుల గొడవ, 1969, ఆ పైన 2014. రాగి డబ్బు సాలిస్‌బరీకి పోయినట్టే మన మిగులు పోయింది. డ్యామ్ కూడా ఉండనే ఉంది. రైల్‌నిలయం గారూ, మీ ఆయన అన్నదాంట్లో తప్పేం కనపడట్లేదు నాకు.

కిట్వే_మాస్టారు:

వకీలు గారూ, తినొచ్చాను. మీ పోలిక సగం దూరం నాతో నడిచి అక్కడ ఆగిపోయింది.

నడిచే సగం డబ్బు సంగతి. ఆదాయప్పన్నులో నూటికి 60కి పైగా ఫెడరల్ ఖజానాకి పోయేది. రాజధాని సాలిస్‌బరీలో మేడల మీద మేడలు లేచాయి. ఉత్తరాది జనం ఆ ఊరికి పెట్టిన పేరు "బాంబా జోంకే". అంటే అంతా లాక్కునేది. ఈ మాట నాకు స్కూల్లో ఎవరూ చెప్పలేదు, కిట్వే మార్కెట్లో టమాటాలమ్మే ఆమె చెప్పింది, ఇరవై ఏళ్ళ పాత కోపంతో. నల్లవాళ్ళే కాదు, ఉత్తర రొడీషియా తెల్ల గని కార్మికులు కూడా ఆ పేరే వాడేవాళ్ళు. 1956లో టన్ను రాగి 400 పౌండ్లు దాటింది, 1958కల్లా సగానికి పైగా పడిపోయింది. ధర ఉన్నన్నాళ్ళు అందరూ సర్దుకున్నారు, పడ్డాక ఎవడి చిట్టా వాడు తీశాడు.

ఇప్పుడు ఆగిపోయే సగం. తిరుగుబాటు ముందు రావాల్సింది రాగి ఉన్నచోట కదా? మిగులు పోగొట్టుకున్నవాడు కదా ముందు లేవాలి? రాలేదండీ. ఫెడరేషన్‌ని పడగొట్టింది న్యాసాలాండ్. అక్కడ గని లేదు, మిగులు లేదు, తెల్లవాళ్ళు పది వేల మంది కూడా లేరు. లెక్క కట్టి చూస్తే ఫెడరేషన్ వల్ల పైసా ఎక్కువ ముట్టింది వాళ్ళకే. ఇచ్చినదానికన్నా పుచ్చుకున్నది ఎక్కువ. అయినా ముందు గడప దాటింది వాళ్ళే. లెక్కల మాస్టారుని కాబట్టి ఈ జవాబు నాకు చాలాకాలం కుదరలేదు.

వాళ్ళ భయం భూమి. కూలికి వెళ్ళినవాళ్ళందరూ దక్షిణాన ఏం జరుగుతోందో కళ్ళారా చూసొచ్చారు. పాస్ కాయితం లేకుండా ఊళ్ళో నడవలేకపోవడం, తాతల పొలం మీద తెల్లవాడి కంచె. ఇవాళ సాలిస్‌బరీతో ముడిపడితే రేపు ఆ కంచె మన దగ్గరికి వస్తుంది అని వాళ్ళు వేసిన లెక్క. దానికి తోడు వ్యవసాయ శాఖవాళ్ళు వచ్చి గట్లు ఇలా వెయ్యి, అలా వెయ్యకపోతే జరిమానా అనడం. రైతుకి ఏది ఒళ్ళు మండిస్తుందో మనకి కొత్తగా చెప్పాలా?

1958 జూలై 6న డాక్టర్ హేస్టింగ్స్ బండా దేశానికి తిరిగొచ్చాడు, సుమారు నలభై ఏళ్ళ తర్వాత. లండన్‌లో ప్రాక్టీసు, తర్వాత ఘనాలో కొన్నాళ్ళు. మూడు ముక్కల సూటు, నల్ల టోపీ, చేతిలో విసనకర్రలాంటి చామరం. సొంత భాష మర్చిపోయి ఇంగ్లీషులో మాట్లాడితే పక్కనొకరు అనువదించేవాళ్ళు. అయినా జనం విరగబడ్డారు. "తెలివితక్కువ ఫెడరేషన్" అన్నది ఆయన ఊతపదం. ఎనిమిది నెలలు తిరగలేదు, 1959 మార్చి 3న ఎమర్జెన్సీ పెట్టి ఆయన్ని పట్టుకెళ్ళి దక్షిణ రొడీషియాలోని గ్వేలో జైల్లో వేశారు. అదే రోజు న్కాటా బే రేవులో సైనికులు కాల్చితే సుమారు 20 మంది చనిపోయారు. బండా పార్టీవాళ్ళు (దాని పేరూ కాంగ్రెస్సే) తెల్లవాళ్ళని చంపడానికి కుట్ర పన్నారు, అందుకే అరెస్టులు, అని సర్కారు చెప్పింది.

లండన్ ఒక జడ్జిని పంపింది, పాట్రిక్ డెవ్లిన్. ఆయన ఊరూరా తిరిగి తేల్చింది రెండు ముక్కలు: హత్యల కుట్ర అన్నది లేదు, న్యాసాలాండ్ ప్రస్తుతానికి ఒక పోలీసు రాజ్యం. ఎమర్జెన్సీలో 51 మంది చచ్చిపోయారు. వకీలుగారికి ఇది నచ్చుతుందనుకుంటా. ప్రభుత్వం వేసిన కమిషనే ప్రభుత్వాన్ని పట్టుకుని ఆ మాట అనడం రోజూ జరిగేది కాదు. రిపోర్టులో తమకి గిట్టని భాగాన్ని ప్రభుత్వం తోసిపుచ్చింది. కానీ చదవాల్సినవాళ్ళు చదివేశారు. అదే మార్చి 3న కెన్యాలో హోలా శిబిరంలో 11 మంది ఖైదీలని కొట్టి చంపారు. రెండూ కలిసి లండన్ మెడకి చుట్టుకున్నాయి.

ఇక అక్కడ్నించి చకచకా అయిపోయింది. 1960 ఫిబ్రవరిలో బ్రిటన్ ప్రధాని మాక్‌మిలన్ కేప్‌టౌన్‌లో, ఆఫ్రికాలో మార్పుగాలి వీస్తోందని ప్రసంగం. ఏప్రిల్ 1న బండా విడుదల. అక్టోబర్‌లో లండన్ వేసిన మాంక్టన్ కమిషన్ రిపోర్టు: ఉత్తరాన రెండు ప్రాంతాల్లో ఆఫ్రికన్లకి ఫెడరేషన్ అంటే ఉన్న ఏవగింపు విస్తారమైనది, నిజమైనది, చాలాకాలంగా ఉన్నది, విడిపోయే హక్కు ఇవ్వాలి, అని. ఫెడరేషన్ అప్పటి ప్రధాని రాయ్ వెలెన్‌స్కీ మండిపడ్డాడు. విడిపోయే సంగతి కమిషన్ ముట్టుకోదని నాకు మాటిచ్చారు, అని. 1962 డిసెంబర్‌లో న్యాసాలాండ్‌కి వెళ్ళిపోవచ్చన్నారు. అదే ఏడు ఉత్తర రొడీషియాలో ఎన్నికల తర్వాత నల్లవాళ్ళ నాయకులు కౌండా, న్కుంబులా పార్టీలు కలిసి ప్రభుత్వం ఏర్పాటు చేశాయి, అక్కడా అయిపోయింది. 1963 డిసెంబర్ 31తో సమాప్తం.

మన 1956తో తేడా ఇక్కడుంది వకీలు గారూ. మనవాళ్ళని బలవంతాన కలిపారో బుజ్జగించి కలిపారో మీరూ నేనూ ఈ జన్మంతా వాదించుకోవచ్చు. కానీ కలిపిన మర్నాటి నుంచి మా నల్గొండ రైతుకి ఓటుంది, ఎమ్మెల్యే ఉన్నాడు, 1969లో రోడ్డెక్కడానికి నాయకులున్నారు. అక్కడ ఓటు కావాలంటే ఆస్తి చూపించాలి, జీతం చూపించాలి, ఇంగ్లీషు చూపించాలి.

రైల్‌నిలయం_బిడ్డ:

మాస్టారూ, మీరు రాసింది అమ్మకి చదివి వినిపించాను. విసనకర్ర దగ్గర నవ్వింది, రేవు కాల్పుల దగ్గర లేచి లోపలికెళ్ళింది. నాన్న పెన్‌ఫ్రెండ్ తెల్లవాడో నల్లవాడో కూడా తెలియదు నాకు.

కరీబా సంగతి చెప్పలేదు మీరు. ఆల్బంలో ఎక్కువ స్టాంపులు దానివే. ఆ డ్యామ్ చివరికి ఎవరికి దక్కింది?

కిట్వే_మాస్టారు:

కావాలనే దాచాను. అది రాయాలంటే మా స్కూలు వాచ్‌మన్ సంగతి రాయాలి.

ఆయన టోంగా తెగవాడు. జాంబేజీ లోయ నుంచి వచ్చినవాడు. మనిషి పొడుగ్గా, మాట తక్కువ. రాత్రి గేటు దగ్గర బొగ్గుల కుంపటి పెట్టుకుని మొక్కజొన్న కంకులు కాల్చేవాడు, నేను జాగారాల రాత్రులు పోయి పక్కన కూర్చునేవాణ్ణి. మా ఇద్దరికీ అరకొర ఇంగ్లీషు. ఒకసారి నేను, డ్యామ్ అంటే మాకూ ఉంది, నాగార్జునసాగర్, పేద్దది, అని గొప్ప చెప్పుకున్నాను. ఆయన కంకి తిప్పుతూ "కింద ఎవరున్నారు?" అన్నాడు. అర్థం కాలేదు. మళ్ళీ అన్నాడు, "నీళ్ళ కింద."

కరీబా ముందు రావాల్సిన డ్యామ్ కాదు. ఉత్తరాదివాళ్ళు కఫుయే నది మీద కట్టుకుందామనుకున్నారు. 1955లో ఫెడరల్ ప్రభుత్వం దాన్ని పక్కనపెట్టి రెండు రొడీషియాల మధ్య సరిహద్దున జాంబేజీ మీద కరీబా ఎంచుకుంది. ప్రపంచ బ్యాంకు 8 కోట్ల డాలర్లు అప్పిచ్చింది. ఇటలీవాళ్ళు కట్టారు. 128 మీటర్ల ఎత్తు. 1957లో, మళ్ళీ 1958లో నది ఎవరూ ఊహించనంతగా పొంగి కట్టినదాంట్లో కొంత లాక్కుపోయింది. టోంగాలు అది న్యామిన్యామి కోపమన్నారు. న్యామిన్యామి వాళ్ళ నది దేవుడు, పాము ఒళ్ళు, చేప తల. కట్టేటప్పుడు ఎనభై మందికి పైగా పనివాళ్ళు పోయారు. 1960 మేలో ఇంగ్లండు రాజమాత వచ్చి ప్రారంభించింది, మీ స్టాంపులు అప్పటివే.

లోయలో నది రెండు ఒడ్డులా సుమారు 57 వేల మంది టోంగాలుండేవాళ్ళు. ఏటి ఒండ్రులో ఏడాదికి రెండు పంటలు తీసేవాళ్ళు. కదలమంటే కదలం అన్నారు. 1958 సెప్టెంబర్‌లో గ్వెంబే లోయలో చిపేపో నాయకుడి మనుషులు ఈటెలతో ఎదురు తిరిగితే పోలీసులు కాల్చారు. ఎనిమిది మంది పోయారు. మిగిలినవాళ్ళని లారీలెక్కించి లుసితు అనే మెట్ట నేలలో దించారు. నీళ్ళు చాలని చోటు. నది పక్కన పుట్టిన జనం అమ్మా! అక్కడేదో జబ్బు చేసి ఆడవాళ్ళూ పిల్లలూ చాలామంది చచ్చిపోయారు. అదే సమయంలో సరస్సు నిండుతుంటే చిక్కుకున్న జంతువులని పడవల్లో కాపాడారు. ఆపరేషన్ నోవా అని ప్రపంచమంతా పేపర్లలో ఫొటోలు. మా వాచ్‌మన్ దాని గురించి ఒకే ముక్క చెప్పాడు, జింకలకి పడవలు వచ్చాయి, మాకు లారీలు వచ్చాయి, అని. ఆయన అప్పటికి పన్నెండేళ్ళవాడట. లారీ వెనక నిలబడి దుమ్ములో ఊరు చూశాట్ట. కరెంటు తీగలు రాగి గనులకి పోయాయి. చాలా టోంగా ఊళ్ళల్లో దశాబ్దాల పాటు కిరసనాయిలు బుడ్డే.

ఆ తర్వాత సెలవులకి ఊరొచ్చినప్పుడు సాగర్ చూడ్డానికి వెళ్ళి కట్ట మీద ఎక్కువసేపు నిలబడలేకపోయాను.

డ్యామ్ ఎవరికి దక్కిందంటారా? ఇద్దరికీ. వకీలు గారి పోలిక ఇక్కడ బాగా నప్పుతుంది, నేనే అందిస్తున్నా. ఫెడరేషన్ పవర్‌హౌస్‌ని దక్షిణం ఒడ్డున కట్టింది. విడిపోయాక దేశాలు రెండు, డ్యామ్ ఒకటి, మీట మాత్రం దక్షిణంవాడి చేతిలో. 1965 నవంబర్ 11న దక్షిణంలో తెల్ల ప్రధాని ఇయాన్ స్మిత్ లండన్‌ని కాదని స్వాతంత్ర్యం ప్రకటించుకున్నాడు. జాంబియా గనులు శత్రువు కరెంటుతో నడవాల్సొచ్చింది. నేనక్కడ ఉండగానే ఉత్తరం ఒడ్డున రెండో పవర్‌హౌస్ కట్టుకున్నారు. శ్రీశైలంలో కుడి గట్టు ఆంధ్రకి, ఎడమ గట్టు భూగర్భ కేంద్రం తెలంగాణకి అయినట్టు. 2023 నవంబర్‌లో సాగర్ కట్ట మీద రెండు రాష్ట్రాల పోలీసులు ఎదురెదురుగా నిలబడ్డ వార్త చూసి మా ఆవిడతో "కరీబా" అన్నాను. ఆవిడకి ఆ పేరు బాగా గుర్తు, నాతో కిట్వేలో పిండి కోసం క్యూల్లో నిలబడ్డ మనిషి కదా.

పంపకాల్లో అసలు తప్పు వేరే జరిగింది. విమానదళంలో, సైన్యంలో పెద్ద వాటా దక్షిణ రొడీషియాకే ఇచ్చారు. ఆఫ్రికా దేశాలు ఐక్యరాజ్యసమితిలో వద్దని మొత్తుకున్నాయి, 1963 సెప్టెంబర్‌లో బ్రిటన్ వీటో వేసింది. ఆ బలం చూసుకునే కదా స్మిత్ రెండేళ్ళకి ఎగిరింది. మలావి 1964 జూలైలో, జాంబియా అక్టోబర్‌లో స్వతంత్రమైతే జింబాబ్వే 1980 దాకా యుద్ధంలో మునిగింది. బండా కూడా తక్కువ తినలేదు, 1994 దాకా గద్దె దిగలేదు, గిట్టనివాళ్ళని జైళ్ళలో కుక్కాడు. ఆయన్ని పెద్దగా పొగిడానేమోనని ఇది చేరుస్తున్నా.

నల్లకుంట_వకీలు:

ఓటు దగ్గర మాస్టారి మాట కాదనలేను. మిగులు నిధుల దగ్గర మాత్రం నా మాట నాదే. ఒక్క సందేహం. గనుల్లో నల్ల కార్మికులు లక్షణంగా సంపాదించేవాళ్ళు కదా, వాళ్ళకెందుకంత కోపం?

కిట్వే_మాస్టారు:

కిట్వే బజారులో పాత మాంసం కొట్టు ఒకటి ఉండేది. పక్క గోడలో, నడుమెత్తున, ఒక చదరం మేర ఇటుకల రంగు వేరు. తర్వాత మూసేసిన కిటికీ అది. తెల్లవాళ్ళు తలుపులోంచి లోపలికెళ్ళి ముక్క చూసి ఎంచుకునేవాళ్ళు. నల్లవాళ్ళు ఆ కిటికీ బయట వరసలో నిలబడితే చేతికి ఏది వస్తే అది కాయితంలో చుట్టి పడేసేవాళ్ళు. డబ్బు ఇద్దరిదీ ఒకటే. కౌండా వాళ్ళు ఆ కొట్లని బహిష్కరించారు. ఆయన అప్పుడు మానేసిన మాంసం మళ్ళీ ముట్టలేదు. మన గాంధీగారి మనిషి. వీధి చివర గుజరాతీల కొట్లో నేను కందిపప్పు కొనుక్కోవడానికి రోజూ ఆ గోడ పక్కనించే పోయేవాణ్ణి.

జీతం ఉంది వకీలు గారూ. తలుపు లేదు.

రైల్‌నిలయం_బిడ్డ:

ఇప్పుడే నాన్న భూతద్దం తీసి ఆ కవరు ముక్క మీది పోస్టు ముద్ర చూశాను. తేదీ సగమే పడింది, 1961 అనుకుంటా. ఊరు మాత్రం స్పష్టంగా ఉంది: బ్రోకెన్ హిల్. ఇది ఎక్కడ మాస్టారూ?

కిట్వే_మాస్టారు:

అమ్మా, కాస్త ఆగి రాస్తున్నా, కళ్ళజోడు తుడుచుకోవాల్సొచ్చింది.

బ్రోకెన్ హిల్ ఇప్పటి కబ్వే. సీసం, జింకు గనులు ఉన్న ఊరు, దాంతోపాటు పెద్ద రైల్వే ఊరు. మన లాలాగూడ లాంటిదే. ఫెడరేషన్ చివరి ప్రధాని వెలెన్‌స్కీ ఉన్నాడే, ఆయన ఆ ఊళ్ళోనే రైలింజను డ్రైవరుగా చేశాడు. అంతకుముందు బాక్సింగ్‌లో రొడీషియా ఛాంపియను. రైల్వే యూనియన్ నడిపి అందులోంచి రాజకీయాల్లోకి వచ్చాడు. మీ నాన్నగారు వర్క్‌షాప్ ఫిట్టరు కాబట్టి ఆ పెన్‌ఫ్రెండ్ కూడా రైల్వే మనిషే అయ్యుంటాడని నా ఊహ. రైల్వేవాళ్ళు రైల్వేవాళ్ళకే రాస్తారు. తెల్ల డ్రైవరో, నల్ల ఫైర్‌మనో, ముద్ర చూసి చెప్పలేం. కవరు వెనక్కి తిప్పి చూడండి, పంపినవాళ్ళ పేరులో ఒక్క అక్షరమైనా మిగిలిందేమో.

రైల్‌నిలయం_బిడ్డ:

వెనక జిగురుతో ఆల్బంకి అంటించేశారు మాస్టారూ. నీళ్ళలో నానబెడితే ఊడుతుందేమో.

ఆబిడ్స్_ఆదివారం:

అక్కా ఆగు ఆగు! నీల్లల్ల పెట్టకు. ముద్ర సిరా కరిగిపోతది, వెనుక పేరు రాసింది గూడ పోతది. ఆల్బం మొత్తం పట్టుకొని ఆదివారం పొద్దుగాల రా. నా దగ్గర సన్న చాకు ఉన్నది, పేజీ కాయితం దిక్కు నుంచి పొరపొర తీస్త. పైసలేం వద్దు. మాస్టారు సాబ్, మీరు గూడ రాండ్రి, చాయ్ నేను పోయిస్త.